నోటు తిరగరాస్తాను గాని, జామీను ఎవరు?

2015 నవంబరు 16న టర్కీలోని అంటాల్యా నగరంలో జీ-20 సమావేశాలు ముగిసిన తరవాత రష్యా అధ్యక్షుడు వ్లదీమిర్ పుతిన్ విలేకరుల ముందు ఒక ప్రతిపాదన పెట్టారు. ఉక్రెయిన్ ప్రభుత్వం ఆ డిసెంబరు 20వ తేదీకి తమకు చెల్లించవలసిన 300 కోట్ల డాలర్ల అప్పును ఆ ఏడాది కట్టనక్కరలేదనీ, 2016, 2017, 2018 సంవత్సరాల్లో ఏడాదికి 100 కోట్ల చొప్పున తీరిస్తే చాలుననీ, అంతర్జాతీయ ద్రవ్యనిధి తమను ఒక్క ఏడాది ఆగమని అడిగితే తాము అంతకంటే మెరుగైన వెసులుబాటే ఇస్తున్నామనీ ఆయన చెప్పారు. ఆ వార్త పేపర్లో చదివిన ఉదయం, ఇంతగా కత్తులు దూసుకున్న రెండు దేశాల మధ్య ఇంత మెత్తని మాట వినబడడం మంచి సూచన అని నేను మనస్ఫూర్తిగా అనుకున్నాను. గ్రామీణ శాఖల్లో పాతికేళ్ళకు పైగా పంట రుణాలు చూసినవాణ్ణి కాబట్టి, గడువు పొడిగించడమంటే బాకీదారుడికి కాస్త ఊపిరి ఆడనివ్వడమేనని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని ఈ ఒక్క వ్యవహారంలో ఎందుకు వదులుకున్నానో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆ ప్రతిపాదన చివర ఒక షరతు ఉంది. మూడేళ్ళ వాయిదాలకు అమెరికా ప్రభుత్వం గాని, యూరోపియన్ యూనియన్ గాని, పేరున్న ఒక అంతర్జాతీయ ఆర్థిక సంస్థ గాని హామీ ఉండాలని రష్యా కోరింది. నేను తేదీలు చూశాను, మొత్తాలు చూశాను, హామీ మాటను లాంఛనం అనుకుని దాటేశాను. అప్పుల వ్యవహారంలో బతికినవాడు దాటేయకూడని మాట అదే. పైగా ఆ సంగతి నాకు పాతికేళ్ళ కిందటే ఒక పెద్దమనిషి నేర్పి ఉన్నాడు.

1990 మే 9న కృష్ణా డెల్టాను తాకిన తుపాను తరవాత కొన్ని నెలల పాటు మా శాఖలో పని అంతా రుణాలను తిరగరాయడమే. స్వల్పకాలిక పంట రుణాన్ని మధ్యకాలిక రుణంగా మార్చి, ఒక్క పంటకు తీరవలసిన బాకీని మూడు నాలుగేళ్ళ వాయిదాలుగా విడగొట్టి, రైతుల చేత కొత్త పత్రాల మీద సంతకాలో వేలిముద్రలో వేయించుకునేవాళ్ళం. నీళ్ళలో నాని, ఎండలో ఎండి, అప్పడాల్లా వంకర్లు తిరిగిన పాసుపుస్తకాలను వాళ్ళు కండువాల్లో చుట్టి తెచ్చేవారు. అలా వచ్చిన ఒక రైతు మా కాగితాల పని అయిపోయాక కూడా కదలకుండా కౌంటరు దగ్గరే నిలబడి, ఊళ్ళో ఒక వ్యాపారికి రాసిన ప్రామిసరీ నోటు గురించి మా క్యాషియరు గారిని సలహా అడిగాడు. నోటుకు మూడేళ్ళు నిండవస్తున్నాయి, కాలదోషం పట్టకముందే తిరగరాయాలి. వ్యాపారి మంచిమాటే అన్నాడు: వడ్డీ పెంచను, మూడు వాయిదాల్లో కట్టు, కాకపోతే నీ బావమరిది జామీను సంతకం పెట్టాలి.

అది మంచి అవకాశమని నేను చెప్పబోతుంటే క్యాషియరు గారు నన్ను ఆపారు. "మీ బావమరిదికీ ఆయనకీ కాలవగట్టు పొలం దగ్గర తగాదా ఉంది కదయ్యా?" అని రైతును అడిగారు. ఉందన్నాడు. "అయితే ఆయన నీకు గడువు ఇవ్వడం లేదు, మీ బావమరిదిని బాకీలోకి దింపుతున్నాడు. నువ్వు ఒక్క వాయిదా తప్పితే నీ ఇంటికి రాడు, అటే వెళ్తాడు" అన్నారు. రైతు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జామీను పెట్టినవాడి బాధ్యత అసలు బాకీదారుడి బాధ్యతతో సమానమని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతుందని నేను పరీక్షల కోసం బట్టీ పట్టిన మాట నిజమే గాని, ఆ సెక్షను ఒక మనిషి ముఖంలో ఎలా కనబడుతుందో ఆరోజే చూశాను.

ఇక ఉక్రెయిన్ నోటు పుట్టుక దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ కాగితాన్ని మొదటి రోజునే ఎలా రాశారో తెలియకపోతే చివరి రోజున జరిగిన దౌత్యమంతా అర్థం లేనిదిగా కనిపిస్తుంది. 2013 ఆగస్టులో రష్యా తన సరిహద్దుల్లో ఉక్రెయిన్ సరుకులను కస్టమ్స్ తనిఖీల పేరుతో నిలిపివేసింది. నవంబరు 21న ఉక్రెయిన్ అధ్యక్షుడు విక్టర్ యనుకోవిచ్ ప్రభుత్వం యూరోపియన్ యూనియన్‌తో చేసుకోవలసిన అనుబంధ ఒప్పందపు సన్నాహాలను ఆపేసింది, ఆ రాత్రే కీవ్‌లోని మైదాన్ కూడలిలో జనం చేరడం మొదలయింది. డిసెంబరు 17న మాస్కోలో ఇద్దరు అధ్యక్షులూ కలిసి, రష్యా 1,500 కోట్ల డాలర్ల మేరకు ఉక్రెయిన్ బాండ్లు కొంటుందనీ, వెయ్యి ఘనపు మీటర్ల సహజవాయువు ధరను సుమారు 400 డాలర్ల నుంచి 268.5 డాలర్లకు తగ్గిస్తుందనీ ప్రకటించారు. వారం రోజుల్లో మొదటి విడతగా 300 కోట్ల డాలర్ల బాండు విడుదలయింది. దాన్ని మొత్తంగా కొన్నది రష్యా జాతీయ సంక్షేమ నిధి. రెండో విడత అంటూ రానే లేదు. 2014 ఫిబ్రవరిలో యనుకోవిచ్ దేశం విడిచి వెళ్ళిపోయారు, మార్చి 18న క్రిమియాను రష్యా తనలో కలుపుకుంది, ఏప్రిల్ నుంచి తూర్పు ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలయింది.

ఆ బాండు షరతులను ఒక బ్యాంకువాడి కళ్ళతో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. వడ్డీ 5 శాతం. అప్పటి ఉక్రెయిన్ పరిస్థితికి మార్కెట్‌లో అంతకు చాలా ఎక్కువ పడేది, కాబట్టి అది స్నేహితుడి వడ్డీ. కాలపరిమితి మాత్రం రెండేళ్ళే, అది స్నేహితుడు పెట్టే గడువు కాదు. రెండు ప్రభుత్వాల మధ్య అప్పును మామూలుగా ఒక ఒప్పందంగా రాసుకుంటారు. దీన్ని ఐరిష్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన, ఇంగ్లండు చట్టానికి లోబడిన, లండన్ కోర్టుల్లో దావా వేయదగిన బాండుగా రాశారు. ఉక్రెయిన్ ప్రభుత్వ రుణం మొత్తం స్థూల దేశీయోత్పత్తిలో 60 శాతం దాటకూడదన్న ఒక నిబంధన చేర్చారు. దాటితే గడువు రాకముందే బాకీ అంతా అడిగే హక్కు బాండు చేతిలో ఉన్నవాడికి వస్తుంది. మరొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది: ఈ విడత బాండు మొత్తం ఒకే చేతిలో ఉంది. వందలమంది చేతుల్లో చెదిరి ఉన్న బాండు అయితే మెజారిటీ ఒప్పుకున్న కొత్త షరతులు మిగిలినవాళ్ళకూ వర్తిస్తాయి. ఒక్కడే ఉన్నచోట మెజారిటీ ఎక్కడిది? ఆ ఒక్కడు ఔనంటే ఔను, కాదంటే కాదు.

క్రిమియా పోయి, తూర్పు ఉక్రెయిన్‌లోని దొన్‌బాస్‌లో గనులూ ఉక్కు కర్మాగారాలూ యుద్ధంలో చిక్కుకుని, ఉక్రెయిన్ కరెన్సీ హ్రివ్నియా విలువ పడిపోయాక, 2014 చివరికే ఆ 60 శాతం గీత దాటిపోయింది. రష్యా గడువుకు ముందే మొత్తం అడగవచ్చు. అడగలేదు. కావాలంటే అడగగలమని మాత్రం అప్పుడప్పుడూ గుర్తుచేసింది. అడగకపోవడాన్ని ఔదార్యంగా చూపించవచ్చు, మాస్కో అలాగే చూపించింది కూడా. కానీ బాకీదారుడి భూమిలో తన సైన్యం ఉన్న రుణదాత, ఆ యుద్ధం వల్లే పెరిగిన రుణభారాన్ని నిబంధన ఉల్లంఘనగా లెక్కించి ఆ హక్కును జేబులో పెట్టుకుని తిరగడం ఎంతటి ఒత్తిడో, నోటు చూపించి ఊరుకునే వడ్డీవ్యాపారిని చూసిన ప్రతివాడికీ తెలుస్తుంది.

2015 ఫిబ్రవరి 12 ఉదయం బెలారస్ రాజధాని మిన్‌స్క్‌లో రాత్రంతా సాగిన చర్చల తరవాత కాల్పుల విరమణ ఒప్పందం కుదిరింది. అదే రోజు ద్రవ్యనిధి అధినేత క్రిస్టీన్ లగార్డ్ ఉక్రెయిన్‌కు 1,750 కోట్ల డాలర్ల నాలుగేళ్ళ కార్యక్రమంపై అంగీకారం కుదిరిందని ప్రకటించారు. రెండు ప్రకటనలూ ఒకే రోజు రావడాన్ని నేను యాదృచ్ఛికంగా చూడలేను. తుపాకులు ఆగకపోతే లెక్కలు నిలవవు, లెక్కలు నిలవకపోతే ప్రభుత్వమే నిలవదు. ఆ కార్యక్రమానికి ఒక షరతు ఉంది: పాత విదేశీ రుణదాతల దగ్గర నాలుగేళ్ళలో 1,530 కోట్ల డాలర్ల మేరకు ఉపశమనం సాధించాలి. అమెరికాలో పుట్టి పెరిగి, 2014 డిసెంబరులో ఉక్రెయిన్ పౌరసత్వం తీసుకుని ఆర్థికమంత్రి అయిన నటాలీ జరెస్కో నెలల తరబడి బేరం సాగించారు. ఎదుట కూర్చున్న రుణదాతల కమిటీకి నాయకత్వం వహించింది ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే పెట్టుబడి సంస్థ. ఆగస్టు 27న ఒప్పందం కుదిరింది. అసలులో 20 శాతం మాఫీ, మిగిలినదానికి 2019 నుంచి 2027 దాకా సాగే కొత్త గడువులు, కొంచెం ఎక్కువ వడ్డీ, భవిష్యత్తులో ఉక్రెయిన్ ఆర్థికవ్యవస్థ బాగా పెరిగితే అందులో వాటా.

రష్యాను కూడా అదే బల్ల దగ్గరికి రమ్మన్నారు. రష్యా రాలేదు. తనది ప్రైవేటు మదుపరి అప్పు కాదనీ, ప్రభుత్వం ప్రభుత్వానికి ఇచ్చిన అప్పనీ, దాన్ని వేరుగా చూడాలనీ వాదించింది. ఇందులో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే డబ్బు సర్కారుది, ఇచ్చింది అధ్యక్షుల మధ్య కుదిరిన మాట మీద. కానీ ఈ వాదనకు ఒక పదునైన అంచు ఉంది. అప్పటిదాకా ఉన్న ద్రవ్యనిధి నియమం ప్రకారం, ప్రైవేటు రుణదాతలకు బాకీ పడిన దేశానికి నిధి అప్పు ఇవ్వవచ్చు, 1989 నుంచీ ఆ వీలు ఉంది. మరో ప్రభుత్వానికి బాకీ ఎగ్గొట్టిన దేశానికి మాత్రం ఆ ప్రభుత్వం అంగీకరిస్తే తప్ప ఇవ్వకూడదు. అంటే డిసెంబరు 20 దాటి ఉక్రెయిన్ కట్టకపోతే, 1,750 కోట్ల డాలర్ల కార్యక్రమం మొత్తం ఆగిపోయే తాళంచెవి ఒక్క రష్యా చేతికి చిక్కుతుంది. బాండుగా రాసిన కాగితం లండన్ కోర్టులో బాండుగా పనిచేస్తుంది, ద్రవ్యనిధి ఉన్న వాషింగ్టన్‌లో ప్రభుత్వ రుణంగా పనిచేస్తుంది. అంత తెలివిగా రాసిన నోటును నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు.

అంటాల్యా ప్రతిపాదన వచ్చింది ఈ స్థితిలో. మూడు వాయిదాలు, మాఫీ ఏమీ లేదు, పైన అమెరికా లేదా యూరప్ జామీను. దీన్ని ఉక్రెయిన్ ఒప్పుకుంటే, 20 శాతం వదులుకున్న మిగతా రుణదాతలు మమ్మల్ని ఎందుకు కోశారని నిలదీయరా? అది ఒక చిక్కు. అసలు చిక్కు జామీనులో ఉంది. అమెరికా సంతకం పెట్టిన మరుక్షణం ఆ 300 కోట్లు కీవ్ కట్టకపోతే వాషింగ్టన్ కట్టవలసిన బాకీ అవుతుంది. తాను ఆంక్షలు విధించిన దేశానికి, తాను ఆయుధ శిక్షణ ఇస్తున్న దేశం తరఫున, ఆ రెండింటి మధ్య యుద్ధం ఇంకా సాగుతుండగా, అమెరికా బాకీదారుగా నిలబడాలి. ఇక రష్యాకు ఉక్రెయిన్ ఆర్థికంగా నిలబడడంతో పని లేదు, దాని ఖజానా ఏమైపోయినా తన డబ్బు భద్రం. గడువు పొడిగించే రుణదాతకు బాకీదారుడు బాగుపడాలన్న స్వార్థమైనా మిగిలి ఉండాలని నేను అనుకుంటాను. తుపాను తరవాత మేము వాయిదాలు పెంచింది రైతు మీద జాలితో మాత్రమే కాదు, వచ్చే ఏడాది ఆ పొలం పండితేనే మా బాకీ వసూలవుతుందని. అంటాల్యా ప్రతిపాదన ఆ చిన్న బంధాన్ని కూడా తెంపేసింది.

దీనికి ఒక గట్టి ఎదురువాదం ఉంది, దాన్ని దాచడం ధర్మం కాదు. 2014 మే, 2015 మే నెలల్లో ఉక్రెయిన్ మార్కెట్‌లో 100 కోట్ల డాలర్ల చొప్పున జారీచేసిన బాండ్లకు అమెరికా స్వయంగా హామీ ఇచ్చింది, 2016 సెప్టెంబరులో మరో 100 కోట్లకూ ఇచ్చింది. కొత్త అప్పుకు ఇవ్వగలిగిన హామీ పాత అప్పుకు ఎందుకు ఇవ్వలేకపోయింది? ఉక్రెయిన్ బాగుపడుతుందని నమ్మే పెద్దన్న ఆ నమ్మకాన్ని రష్యా ముందు కాగితం మీద పెట్టడానికి ఎందుకు వెనకాడాడు? పుతిన్ సరిగ్గా ఈ ప్రశ్నే వేయదలచుకున్నారు, అది బలమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. కొత్త బాండుకు ఇచ్చిన హామీ వల్ల ఉక్రెయిన్ ఖజానాలోకి కొత్త డబ్బు వచ్చింది, జీతాలకూ పింఛన్లకూ పనికివచ్చింది. ఈ హామీ వల్ల ఉక్రెయిన్‌కు ఒక్క డాలరు కూడా రాదు. హామీదారు నుంచి యుద్ధంలో ఎదుటి పక్షానికి ఒక హక్కు వెళ్తుంది. రెండూ ఒకే రకమైన సంతకాలుగా కనిపించినా, ఒకటి బాకీదారుణ్ణి నిలబెట్టేది, రెండోది రుణదాతను యుద్ధ ఫలితం నుంచి కాపాడేది. డిసెంబరు మొదట్లో అమెరికా నిరాకరించిందని రష్యా ఆర్థికమంత్రి అంటోన్ సిలువానోవ్ ప్రకటించారు. నిరాకరించడం సరైనదేనని ఇప్పుడు నేను నమ్ముతున్నాను.

ఆ తరవాత జరిగినదాన్ని మాత్రం అంత నిశ్చింతగా సమర్థించలేను. గడువుకు 12 రోజుల ముందు, డిసెంబరు 8న, ద్రవ్యనిధి కార్యనిర్వాహక మండలి ఆ పాత నియమాన్ని మార్చి, ప్రభుత్వ రుణదాతకు బాకీ పడిన దేశానికి కూడా కొన్ని షరతుల మీద అప్పు ఇవ్వవచ్చని తీర్మానించింది. డిసెంబరు 16న అదే మండలి ఈ బాండును ప్రభుత్వ రుణంగానే గుర్తించింది. అంటే రష్యా చేసిన వాదనను ఒప్పుకుంది, ఆ వాదన వల్ల రష్యాకు రావలసిన బలాన్ని మాత్రం వారం ముందే తీసేసింది. పారిస్ క్లబ్ అనే ప్రభుత్వ రుణదాతల కూటమి బయట కొత్త ప్రభుత్వ రుణదాతలు పెరిగినందువల్ల ఈ నియమాన్ని సమీక్షించడం 2013 నుంచే నడుస్తోందని నిధి చెప్పింది, ఆ మాట నిజం. ఒక్క రుణదాత మొండికేస్తే దేశం మొత్తం నష్టపోకూడదన్న సూత్రమూ మంచిదే, దానిని నేను ఎక్కడైనా సమర్థిస్తాను. కానీ మంచి నియమాన్ని కూడా తగాదా నడిమధ్య, ఉక్రెయిన్ గడువు తలుపు తడుతున్న వారంలో తెస్తే, అది నియమంగా కాక తీర్పుగా వినబడుతుంది. ప్రభుత్వ రుణదాతల మాటకు ఎంత బరువు ఉండాలన్నది మనకు దూరపు సంగతి కాదు. 2023 జనవరిలో శ్రీలంక ద్రవ్యనిధి అప్పు కోసం ఎదురుచూస్తున్నప్పుడు భారత ప్రభుత్వం ముందుగా తన బాకీని సడలిస్తానన్న భరోసా లేఖ ఇచ్చింది, చైనా ఎగ్జిమ్ బ్యాంకు మొదట రెండేళ్ళ వాయిదా మాత్రమే ఇస్తానంది, అందరి భరోసాలూ కుదిరి మార్చిలో కార్యక్రమం ఆమోదం పొందేదాకా కొలంబోలో జనం మందులకూ చమురుకూ ఇబ్బందిపడుతూనే గడిపారు.

గడువును నిర్ణయించే బలం ఎప్పుడూ అప్పు ఇచ్చినవాడి దగ్గరే ఉంటుందని కూడా అనుకోకూడదు. రెండో ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి తీసుకున్న సరుకులకూ సేవలకూ బ్రిటన్ డబ్బు చెల్లించక లండన్ ఖాతాల్లో జమ రాసుకుంటూ పోయింది. యుద్ధం ముగిసేసరికి ఆ స్టెర్లింగ్ నిల్వలు వంద కోట్ల పౌన్లు దాటాయి. అందులో కొంత మాఫీ చేయించుకోవాలన్న ఆలోచన లండన్‌లో గట్టిగానే ఉండేది. 1943లో బెంగాల్ ఆకలితో చచ్చిన దేశం రుణదాత, బ్రిటన్ బాకీదారు, అయినా ఎప్పుడు ఎంత విడుదల చేయాలో 1947, 1948 ఒప్పందాల్లో బేరమాడి తెచ్చుకోవలసి వచ్చింది మనమే. ఆ చరిత్ర తెలిసినవాణ్ణి కాబట్టే, రుణదాత అన్నంతమాత్రాన రష్యాను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఇచ్చిన డబ్బు ఇచ్చినదే. సోవియట్ యూనియన్ విదేశీ అప్పులన్నిటినీ తానే నెత్తిన వేసుకుని తీర్చిన దేశం కూడా రష్యాయే.

అందుకే 2015 డిసెంబరు 18న ప్రధాని అర్సెనీ యత్సెన్యుక్ ప్రకటించిన నిర్ణయం ఏ రూపంలో ఉందో నాకు ముఖ్యం. ఉక్రెయిన్ ఆ బాకీ లేదనలేదు. రష్యా పునర్వ్యవస్థీకరణకు ఒప్పుకునేదాకా, లేదా కోర్టు తీర్పు వచ్చేదాకా చెల్లింపు నిలిపివేస్తున్నామంది. రెండు ప్రభుత్వ సంస్థలు రష్యా బ్యాంకులకు ఇవ్వవలసిన 50.7 కోట్ల డాలర్లను కూడా అదే కట్టులో చేర్చింది. ఎగ్గొట్టడానికీ నిలిపివేయడానికీ మధ్య తేడా బయటివాళ్ళకు మాటల గారడీగా అనిపించవచ్చు, కాని బాకీల లోకంలో ఆ తేడా మీదే మనిషి పరువు నిలబడుతుంది. అంతకుముందు 2014 జూన్, డిసెంబరు, 2015 జూన్ నెలల్లో ఉక్రెయిన్ ఆ బాండు మీద వడ్డీ కట్టింది. మన ఊళ్ళల్లో నోటు వెనక పది రూపాయల చెల్లు రాయించుకున్నా బాకీ ఒప్పుకున్నట్టే లెక్క, మూడేళ్ళ కాలం మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. తన నేల మీద కూర్చున్నవాడికి కూడా మూడుసార్లు వడ్డీ కట్టిన ప్రభుత్వాన్ని ఎగవేతదారు అనడానికి నాకు నోరు రాదు.

2016 ఫిబ్రవరిలో కథ లండన్ చేరింది. బాండు ట్రస్టీ, అంటే బాండు కొన్నవాళ్ళ తరఫున వ్యవహరించే లా డిబెంచర్ సంస్థ, రష్యా తరఫున, అసలు 300 కోట్లూ చివరి వడ్డీ వాయిదా 7.5 కోట్లూ కలిపి దావా వేసింది. బలవంతం మీద రాయించుకున్న నోటు ఇది అన్నది ఉక్రెయిన్ వాదన. 2017 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి విలియం బ్లెయిర్ పూర్తి విచారణ అక్కరలేదంటూ రష్యా పక్షాన తీర్పిచ్చారు. 2018 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని తిప్పేసింది. 2023 మార్చి 15న బ్రిటన్ సుప్రీంకోర్టు అసలు ప్రశ్నను రెండుగా చీల్చింది. వాణిజ్య ఆంక్షలూ, కస్టమ్స్ అడ్డంకులూ, గ్యాసు బెదిరింపులూ ఎంత కఠినమైనవైనా ఇంగ్లండు చట్టం ప్రకారం ఒప్పందాన్ని చెల్లకుండా చేసే బలవంతం కిందికి రావు. మనుషుల మీదా ఆస్తి మీదా బలప్రయోగం చేస్తామన్న బెదిరింపు ఉంటే మాత్రం వస్తుంది, అది ఉందో లేదో సాక్ష్యాలతో పూర్తి విచారణలో తేలాలి. 2013 నాటి ఒత్తిడిని 2014, 2022 నాటి సంఘటనల వెలుగులో చదవవద్దని చట్టం చెప్పవచ్చు. పాఠకుడిగా నేను అలా చదవకుండా ఉండలేను.

మా రైతు సంగతి కూడా ఇలాగే సాగింది. బావమరిది సంతకం పెట్టలేదు, వ్యాపారి నోటు మీద దావా వేశాడు, రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాక అసలు అంతా, కొంత తగ్గిన వడ్డీతో, వాయిదాల మీద కట్టేటట్టు రాజీ కుదిరింది. జామీను లేకుండానే గడువు వచ్చింది. క్యాషియరు గారు ఆ కబురు విని, "ముందే ఇవ్వగలిగినదే కదా" అని మాత్రం అన్నారు.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తిన తరవాత, మన తెలుగు పిల్లలు వందలమంది వైద్యవిద్య మధ్యలో వదిలి రైళ్ళలో నిలబడి పోలండ్, హంగరీ సరిహద్దులు చేరుకున్న ఆ వారాల్లో, ఉక్రెయిన్ తన విదేశీ బాండ్ల మీద వడ్డీ కడుతూనే ఉంది. జులై 20న అమెరికా, బ్రిటన్, కెనడా, ఫ్రాన్స్, జర్మనీ, జపాన్ ప్రభుత్వాలు తమ అప్పుల వాయిదాలను 2023 చివరిదాకా నిలిపివేయడానికి ముందుకొచ్చాయి. ఆగస్టు 10న సుమారు 2,000 కోట్ల డాలర్ల బాండ్లు చేతిలో ఉన్న మదుపరులు రెండేళ్ళు ఆగడానికి ఓటు వేశారు. ఎవరూ జామీను అడగలేదు, ఆ రెండేళ్ళ వడ్డీ అసలులో కలిసింది, నష్టభయం ఇచ్చినవాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఆ గడువు తీరేనాటికి యుద్ధం ఆగలేదు కాబట్టి 2024 ఆగస్టులో మళ్ళీ కూర్చుని, 2,000 కోట్లకు పైగా ఉన్న అసలులో 37 శాతం మాఫీ చేశారు. అదే నిజమైన గడువు పొడిగింపని నా అభిప్రాయం. ఇచ్చినవాళ్ళు దయామయులని చెప్పడం లేదు, ఉక్రెయిన్ మిగిలితేనే తమ బాకీ మిగులుతుందని వాళ్ళకు తెలుసు. 2015లో రష్యా తప్పించుకోవాలని చూసింది ఆ ఒక్క ఎరుకనే.

రష్యా సొంత విదేశీ నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్లు 2022 నుంచి పాశ్చాత్య దేశాల్లో స్తంభించి ఉన్నాయి, అందులో ఎక్కువ భాగం బ్రస్సెల్స్‌లోని యూరోక్లియర్ అనే, బాండ్లనూ షేర్లనూ భద్రపరిచే సంస్థ దగ్గర ఉంది. 2024 జూన్‌లో జీ-7 దేశాలు ఉక్రెయిన్‌కు 5,000 కోట్ల డాలర్ల రుణం ఇవ్వాలని తీర్మానించాయి. దాన్ని తీర్చవలసింది ఉక్రెయిన్ పన్నుల నుంచి కాదు, ఆ స్తంభించిన ఆస్తుల మీద వచ్చే ఆదాయం నుంచి. లండన్‌లో వ్యాజ్యం నడిచిన నోటు విలువ ఆ నిల్వల్లో నూటికి ఒక వంతు.